కాలనీ పార్కు కోసం 40 సెంట్లు: లాన్ వెయ్యాలా, చెట్లు పెట్టాలా?

ప్రశ్న (నెల్లూరు నుంచి)

అందరికీ నమస్కారం. మా లేఅవుట్ మొత్తం 4 ఎకరాలు. అందులో పార్కుకని వదిలిన 40 సెంట్లు, మన నెల్లూరు లెక్కలో 242 అంకణాలు, చాలా ఏళ్ళుగా చిల్లకంపతో నిండిపోయి ఉంది. ఇప్పుడు కాలనీ సంఘం తరఫున చందాలు వేసుకుని బాగుచేద్దామనుకుంటున్నాం. ఒక కాంట్రాక్టరు ప్లాను గీసి ఇచ్చాడు. మధ్యలో లాన్, ఒక ఫౌంటెన్, చుట్టూ టైల్స్ బాట, గోడ వెంట కోనోకార్పస్ చెట్లు, ఒక మూల ఓపెన్ జిమ్. కాగితం మీద బాగానే ఉంది. కానీ మా దగ్గర షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్ళు ఎక్కువ. వాళ్ళు రోజూ నడవాలి, పిల్లలు ఆడుకోవాలి, నాలుగు పిట్టలు కూడా వాలాలి. స్థలం ఒకప్పుడు మాగాణి, పైన గ్రావెల్ తోలారు. బోరు నీళ్ళు కొంచెం ఉప్పన. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు (ఒంగోలు నుంచి)

అన్నా, ముందు లేఅవుట్ అప్రూవల్ ప్లాను కాపీ తెప్పించుకుని ఆ 40 సెంట్లు ఓపెన్ స్పేస్‌గా చూపించారో లేదో చూడండి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం లేఅవుట్‌లో కనీసం 10 శాతం అలా వదిలి, గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకి అప్పగించాలి. అప్పగించి ఉంటే కమిషనర్‌కి అర్జీ పెట్టి, అనుమతి కాగితం చేతికి వచ్చాకే పార పట్టండి. రేపు ఎవరైనా అక్కడ ఏదో బిల్డింగ్ కడతామని వచ్చినా ఆ కాగితాలే మీకు అండ. పార్కుకి కేటాయించిన స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కి ఇవ్వడం చెల్లదని ఒక బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే తేల్చి చెప్పింది.

ఇక ప్లాను సంగతి. లాన్ తీసెయ్యమనే నా గట్టి సలహా. వేసవిలో గడ్డి పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకి రోజుకి దాదాపు 5 లీటర్లు పొయ్యాలి. మీ స్థలం సుమారు 1,600 చదరపు మీటర్లు. అందులో వెయ్యి మీటర్ల మేర లాన్ వేస్తే రోజుకొక 5,000 లీటర్ల ట్యాంకర్ దానికే పోతుంది. ఉప్పు నీళ్ళయితే గడ్డి ఇంకా తొందరగా ఎర్రబడుతుంది. ఇంత ఖర్చూ పెట్టాక రోహిణి కార్తెలో సాయంత్రం ఐదింటికి కూడా దాని మీద ఎవరూ కాలు పెట్టలేరు. మన జిల్లాల్లో పార్కుకి జనం వచ్చేది నీడ కోసం. నీడ ఉంటే బెంచీ లేకపోయినా వచ్చి కూర్చుంటారు, నీడ లేకపోతే ఎంత ఖరీదైన జిమ్ పెట్టినా మధ్యాహ్నం ఆ ఇనుము ముట్టుకోలేం. అందుకని డబ్బులో పెద్ద వాటా చెట్లకీ నీళ్ళకీ పోనివ్వండి. సామాన్లు మూడేళ్ళ తర్వాత కొనుక్కున్నా నష్టం లేదు.

కోనోకార్పస్ అసలు వద్దు. తొందరగా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, కాంట్రాక్టర్లకి అదే ఇష్టం. కానీ దాని పుప్పొడితో ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఇబ్బంది అనీ, వేర్లు పైపుల్లోకి పోతాయనీ ఫిర్యాదులున్నాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. మన పిట్టలకి అందులో తినడానికి ఏమీ ఉండదు. అట్నే ఏడాకుల చెట్టు కూడా ఇళ్ళ మధ్య పెట్టొద్దు. పూసినప్పుడు ఆ ఘాటు వాసన తట్టుకోలేక తలనొప్పి అనేవాళ్ళు చాలామంది. పిల్లలు తిరిగే చోట గన్నేరు వద్దు, అది విషం.

ఉప్పు నీళ్ళకి, వానాకాలం నీళ్ళు నిలిచే మాగాణికి తట్టుకునేవి కానుగ, గంగరావి, నేరేడు, తెల్లమద్ది. పడమటి గోడ వెంట ఇవి వరసగా పెట్టండి, సాయంత్రం ఎండ ఆగుతుంది. లోపల రేల, పొగడ, ఉసిరి, రెండు మూడు వేపలు. వేపలు మాత్రమే పెడతామంటే ఒప్పుకోవద్దు. 2021లో వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి మాడిపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఒకే జాతి పెడితే ఒక్క తెగులుకి పార్కంతా బోసిపోతుంది. మర్రి, రావి ఈ స్థలంలో గోడలు పగలగొడతాయి, వాటి బదులు ఒక మేడిచెట్టు పెట్టండి. కంసాలి పిట్ట, కోకిల, పికిలి పిట్ట, గోరింక అన్నీ దాని పండ్లకి వస్తాయి. అయితే నడిచే బాటకి దూరంగా ఉండాలి, పండ్లు రాలితే పెద్దవాళ్ళు జారిపడతారు.

సీతాకోకచిలుకలకి పూలు ఒక్కటే చాలవు, గుడ్లు పెట్టే మొక్క కావాలి. కరివేపాకు, నిమ్మ పెడితే కొన్ని జాతులు, రేల ఉంటే పసుపు రంగువి కొన్ని, జిల్లేడు ఉంటే నారింజ రంగువి వస్తాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి అది ఒక్కటీ కంచె చివర ఉంచండి. గొంగళిపురుగు ఆకు తిన్నదని మందు కొట్టించారంటే సీతాకోకలూ ఉండవు, వాటిని తినే పిట్టలూ ఉండవు.

నాటే కాలం చాలా ముఖ్యం. నెల్లూరుకి వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. జూలైలో వనమహోత్సవమని నాటితే మొక్కలు ఆగస్టు, సెప్టెంబరు ఎండల్లో అల్లాడతాయి. సెప్టెంబరు ఆఖరుకి గుంతలు తీసి ఉంచుకుని, మొదటి మంచి వాన పడగానే నాటండి. వేసవి వచ్చేసరికి వేరు పట్టుకుంటుంది. గుంత రెండడుగులు. గ్రావెల్ పొరని పూర్తిగా దాటి కింద మట్టి తగిలేదాకా తవ్వాలి, లేకపోతే వేర్లు ఆ గుంతలోనే చుట్టుకుంటాయి. తవ్విన గ్రావెల్ పారెయ్యకండి, బాటకి పనికొస్తుంది.

ప్రశ్న (కావలి నుంచి)

సార్, ఇన్ని చెట్లూ పొదలూ అంటే పాములు, దోమలు రావా? మా కాలనీలో ఈ భయంతోనే ఉన్న చెట్లు కూడా కొట్టించేశారు. సాయంత్రం చీకటిపడితే ఆడవాళ్ళు పార్కు వైపు పోవడం మానేశారు.

జవాబు (ఒంగోలు నుంచి)

భయం సబబే అక్కా. పాము వచ్చేది ఎక్కువగా ఎలుక కోసం. ఎలుక వచ్చేది పడేసిన అన్నం కోసం, రాళ్ళ గుట్టల కోసం. మిగిలిన ఇటుకలు, కొబ్బరి మట్టలు ఒక్క రోజు కూడా పార్కులో పోగెయ్యనివ్వకండి. బాటకి రెండు వైపులా మీటరు మేర గడ్డి పొట్టిగా కోయించండి. పొదలు నడుము ఎత్తు దాటకూడదు, చెట్ల కొమ్మలు తల పైకి ఉండాలి. మధ్యలో చూపు ఆనుతుంటే గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకి అవతలి మూల కనిపిస్తుంది. ఆడవాళ్ళు ధైర్యంగా తిరగడానికి ఎత్తైన ఫ్లడ్ లైట్ కన్నా ఇది, బాట వెంట కిందికి పడే పసుపు లైట్లు ఎక్కువ ఉపయోగం. అవీ రాత్రి పదికి ఆర్పెయ్యండి, పిట్టలకి నిద్ర ఉండాలి. ఎవరికైనా పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం చెయ్యకుండా 108కి ఫోన్ చేసి గవర్నమెంట్ ఆసుపత్రికి తీసుకుపోండి.

దోమల గురించి: డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. నీళ్ళు రెండు రోజుల్లో ఇంకిపోతే దానికి అవకాశమే లేదు. కాబట్టి ప్రమాదం చెట్టు దగ్గర కాదు, ఆగిపోయిన ఫౌంటెన్ దగ్గర. మోటారు చెడితే అది దోమల తొట్టే. దాని బదులు పిట్టలకి రెండంగుళాల లోతున్న మట్టి మూకుళ్ళు నాలుగు పెట్టి రోజూ నీళ్ళు మార్చండి.

ప్రశ్న (నెల్లూరు నుంచి)

చాలా విషయాలు తెలిశాయి సార్. ఫౌంటెన్ తీసేస్తాం. బాట దేంతో వెయ్యమంటారు? 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మా వీధుల్లో నీళ్ళు రోజుల తరబడి కదల్లేదు. పార్కులోకి మళ్ళిస్తే కొంతైనా ఇంకుతాయా? మా సంఘంలో కుర్రాళ్ళు మియావాకి అడవి అంటున్నారు, అదీ చెప్పండి.

జవాబు (కందుకూరు నుంచి)

బాట గురించి నేను చెప్తాను, మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పి కాబట్టి బాగా తెలుసు. నున్నటి టైల్స్ తడిస్తే చాలా ప్రమాదం. గ్రావెల్ పరిచి, నీళ్ళు చల్లి రోలర్‌తో గట్టిగా తొక్కించండి. వెడల్పు ఆరడుగులు ఉంటే వీల్‌చైర్ పక్కన ఇంకొకరు నడవొచ్చు. స్థలం చదరంగా ఉంటే, గోడకి కాస్త లోపలగా వేసిన బాట ఒక చుట్టు దాదాపు 145 మీటర్లు వస్తుంది, ఏడు చుట్లు ఒక కిలోమీటరు. ఆ సంఖ్యలు బోర్డు మీద రాయండి. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అంటే వారంలో ఐదు రోజులు అరగంట నడక. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మధ్యలో ఆగాలి కదా, ప్రతి 30 మీటర్లకీ చేతులు, వీపు ఆనేలా ఒక బెంచీ నీడలో ఉండాలి. చేతులు లేని సిమెంటు దిమ్మె మీద కూర్చుంటే లేవలేరు.

జవాబు (ఒంగోలు నుంచి)

నీళ్ళు ఇంకుతాయా అన్నది ముందు పరీక్షించుకోండి. రెండడుగుల గుంత తవ్వి నిండా నీళ్ళు పోసి మర్నాడు పొద్దున చూడండి. చాలా నీళ్ళు మిగిలి ఉంటే మీది బంకమట్టి, ఊరికే ఇంకదు. అప్పుడు పిల్లల ఆట స్థలాన్ని అడుగు లోతు దించి, ఒక చివర రాళ్ళు, ఇసుక నింపిన ఇంకుడు గుంత తీసి, నిండితే కాలవలోకి పోయేలా పైపు పెట్టాలి. పెన్నా వరద లాంటిదాన్ని 40 సెంట్లు ఆపలేవు. మామూలు వానకి వీధి చివర నిలిచే నీళ్ళకి మాత్రం బాగా పనికొస్తుంది, బోర్లకీ మంచిది. మురుగు మాత్రం అందులో కలవకూడదు.

మియావాకి అంటే చదరపు మీటరుకి మూడు నాలుగు మొక్కలు దట్టంగా నాటడం. పిట్టలకి మంచిదే. కానీ మీ స్థలం చిన్నది, అంతా అట్లా చేస్తే నడవడానికీ, చూపుకీ చోటుండదు. ఉత్తరం కంచె వెంట రెండు మూడు సెంట్లు కుర్రాళ్ళకి అప్పగించండి. మొదటి రెండు వేసవులు నీళ్ళు పొయ్యడానికి వంతులు వేసుకుని, పేర్లు రాసిచ్చాకే మొక్కలు కొనండి. రాలిన ఆకులు తగలబెట్టకుండా ఆ దట్టంలోనే పరచమనండి.

ఇంకొక్కటి. ఇప్పుడున్న చిల్లకంపని జేసీబీతో పైపైన గీకితే మళ్ళీ చిగురిస్తుంది, మొద్దు వేళ్ళతో సహా పెకిలించాలి. ఎండాకాలంలోనే ఆ పని కానివ్వండి. ఖాళీ నేలలో వయ్యారిభామ మొలిస్తే పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకించండి. అర్జీ పెట్టాక ఏమన్నారో ఇక్కడ రాయండి, మొక్కల కోసం సామాజిక వన విభాగం నర్సరీకి ఎప్పుడు పోవాలో చెప్తాను.