సొంత డబ్బు పెట్టి వేసవి ఇంటర్న్‌షిప్‌కు విదేశం వెళ్లడం సరైనదేనా?

తెరచాప

ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వేసవి సెలవుల్లో యూరప్‌లో ఆరు వారాల ఇంటర్న్‌షిప్‌కు ఎంపికయ్యానని ఒక సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఫోనులో పది నిమిషాల ఇంటర్వ్యూ జరిగింది, మర్నాడు ఉదయానికే ఎంపిక ఉత్తరం. జీతం లేదు. సంస్థకు కట్టే ఫీజు, విమాన టికెట్లు, వీసా, వసతి అన్నీ మావే. అన్నీ కలిపి చూస్తే నాన్నగారి ఆరు నెలల జీతం. ఆయన ఒక్కటే మాట అన్నారు: “పనికొస్తుందని నువ్వు చెబితే చాలు, ఎలాగో సర్దుతాను.” పనికొస్తుందో లేదో నాకే తెలియదు. రెండు రాత్రులుగా నిద్ర లేదు.

పది రోజుల్లో మొదటి విడత కట్టాలి. ఇలాంటివాటికి సొంత డబ్బు పెట్టి వెళ్లవచ్చా? వెళ్లినవాళ్లూ చెప్పండి, వద్దనుకున్నవాళ్లూ చెప్పండి.

దిక్సూచి

వద్దండీ. పని చేసేవాళ్లకు డబ్బు ఇవ్వాలి గానీ, పని చేయడానికి వచ్చినవాళ్ల దగ్గర పుచ్చుకోకూడదు.

ఇది నేను గాలిలో చెబుతున్న ఆదర్శం కాదు. 1948 జనవరిలో, యుద్ధం ముగిసి ఇంకా మూడేళ్లు కూడా నిండకముందే, పది యూరప్ దేశాల ప్రతినిధులు లండన్ ఇంపీరియల్ కాలేజీలో కూర్చుని ఐఏఈఎస్‌టీఈ అనే మార్పిడి వ్యవస్థను ఏర్పాటు చేశారు. మీ విద్యార్థికి మా దగ్గర ఒక చోటు, మా విద్యార్థికి మీ దగ్గర ఒక చోటు, అంతే దాని సూత్రం. అక్కడ బతకడానికి సరిపోయేంత డబ్బు పనిలో పెట్టుకున్నవారే ఇస్తారు. జెనీవా దగ్గరి సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం 1962 నుంచి వేసవి విద్యార్థులను తీసుకుంటోంది. రోజువారీ భత్యం ఇస్తుంది, ప్రయాణ ఖర్చుకు సాయం చేస్తుంది, ఆరోగ్య బీమా చూసుకుంటుంది. కెనడాలో మైటాక్స్ గ్లోబలింక్ ఉంది, 12 వారాల పరిశోధన, మే నుంచి అక్టోబరు మధ్యలో. ఇవన్నీ విద్యార్థి జేబు చూసి చోటు ఇచ్చేవి కావు.

పది నిమిషాల్లో మిమ్మల్ని ఎంపిక చేసినవాళ్లు మీలో ఏం చూశారు? ఆ ప్రశ్న ఒక్కసారి వేసుకోండి.

ఏటి ఒడ్డు

దిక్సూచి గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. నేను సొంత డబ్బుతో వెళ్లినదాన్నే.

నావి గొప్ప మార్కులు కావు. మూడు పేరున్న కార్యక్రమాలకు దరఖాస్తు చేస్తే మూడూ తిప్పికొట్టాయి. చివరికి ఒక నదీ పరిశోధన కేంద్రానికి నేనే రాశాను. “డబ్బు ఇవ్వలేము, పని మాత్రం ఉంది” అన్నారు. ఎనిమిది వారాలు వెళ్లాను. తెల్లవారుజామున పడవలో వెళ్లి నీటి నమూనాలు పట్టాలి. ప్రతి సీసా మీద చోటు, లోతు, సమయం రాయాలి. రెండో వారంలో ఒక రోజు నలభై సీసాలు నింపి తెచ్చాను. మా పర్యవేక్షకురాలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. పదకొండు సీసాల మీద సమయం లేదు. ఒక్క మాట అనలేదు. ఆ పదకొండూ నా కళ్లముందే సింకులో పారబోసింది, సీసాలు కడిగి నా చేతికిచ్చింది. మర్నాడు మళ్లీ వెళ్లాం. ఆ తర్వాత ఇప్పటివరకు, అంటే ఏడేళ్లుగా, నా చేతిలో ఏ నమూనా కూడా సమయం రాయకుండా పెట్టెలోకి వెళ్లలేదు.

ఆ వేసవికి అప్పు చేశాను, రెండేళ్లకు తీర్చాను. అయినా మళ్లీ వెళ్తావా అంటే వెళ్తాను. జీతం ఉందా లేదా అన్నదానితోనే తేల్చేస్తే, నాలాంటి రెండో శ్రేణి మార్కులవాళ్లకు తలుపు ఎక్కడుంది?

రెండో వరుస

నేను తెరచాప గారికి వచ్చినలాంటి ఉత్తరమే అందుకుని డబ్బు కట్టినవాణ్ని. సంస్థ పేరు రాయను, అది ఇప్పుడు వేరే పేరుతో నడుస్తోందని విన్నాను.

దిగిన రోజున నన్ను ఒక చిన్న కార్యాలయానికి తీసుకెళ్లారు. నేను వస్తున్నట్టు అక్కడ ఎవరికీ తెలియదు. స్వాగత బల్ల దగ్గరున్న ఆవిడ ఎవరికో ఫోను చేసి, తర్వాత లోపలి గదిలో ఒక స్కానర్ చూపించింది. ఆ గదిలో గోడ పొడవునా పాత దస్త్రాల పెట్టెలు. ఆరు వారాలూ కాగితాలకు గుచ్చిన పిన్నులు తీశాను, స్కాన్ చేశాను, మళ్లీ పిన్నులు గుచ్చాను. నేను చదివింది యంత్ర నిర్మాణం. మూడో వారంలో ధైర్యం చేసి, “డిజైన్ విభాగంలో ఒక గంట కూర్చోవచ్చా?” అని అడిగాను. అలాంటి విభాగం ఆ భవనంలో లేదు.

చివర్లో మందపాటి కాగితం మీద బంగారు అంచుతో ధ్రువపత్రం ఇచ్చారు. తర్వాత ఒక ఉద్యోగ ఇంటర్వ్యూలో దాన్ని చూసి, “అక్కడ ఏం చేశారు?” అని అడిగారు. ఏం చెప్పను?

అమ్మ ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చిందో నేను ఇప్పటికీ అడగలేదు.

త్రాసు

ఈ చర్చల్లో ఎప్పుడూ ఒక అంకె తిరుగుతుంది, ఆ సంస్థ ప్రచార పత్రంలోనూ ఉండే ఉంటుంది: విదేశంలో కొంతకాలం గడిపిన విద్యార్థుల్లో దీర్ఘకాల నిరుద్యోగం మిగతావారిలో ఉన్నదానికి సగమే అని. అది యూరప్ విద్యార్థులను కొంతకాలం వేరే దేశంలో చదివించే ఎరాస్మస్ పథకం మీద 2014లో యూరోపియన్ కమిషన్ వెలువరించిన అధ్యయనంలోది. అంకె అబద్ధం కాదు. కానీ వెళ్లగలిగినవాళ్లలో ముందునుంచే చురుకైనవాళ్లు, ఇంట్లో కాస్త ఆసరా ఉన్నవాళ్లు ఎక్కువ. వాళ్లు వెళ్లకపోయినా ఉద్యోగం దొరికేదేమో. ఈ చిక్కును పేరీ, వాల్డింగర్ అనే ఆర్థికవేత్తలు 2011లో మరింత జాగ్రత్తగా విప్పారు. 1987లో ఎరాస్మస్ మొదలైనప్పుడు జర్మనీలో అన్ని విభాగాలకూ ఒకేసారి అవకాశం రాలేదు. ఆ తేడానే కొలబద్దగా పెట్టుకుని లెక్క తీశారు. విదేశంలో చదవడం వల్ల తర్వాత విదేశంలో ఉద్యోగం చేసే సంభావ్యత సుమారు 15 శాతం పాయింట్లు పెరిగిందని తేలింది.

అంటే ప్రభావం ఉంది. కాకపోతే వాళ్లు లెక్కించింది విశ్వవిద్యాలయాలు పూచీ పడిన చదువును, ఫీజు పుచ్చుకుని పంపిన ఆరు వారాలను కాదు. ఒకదాని ఫలితం చూపించి మరొకదాన్ని అమ్ముతున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

కిటికీ

ఇల్లు కదలకుండా కూడా ఉందండీ. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది. వేరే దేశంలోని మార్గదర్శితో కలిసి ఓపెన్ సోర్స్ పని, అంటే అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ పని, చేయడం, నివాస దేశాన్ని బట్టి భత్యం. వీసా లేదు, విమానం లేదు.

రెండో వరుస

మంచిదే. ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లకు. నదిలో సీసా ముంచడం కంప్యూటర్‌లో కుదరదు కదా.

ఏటి ఒడ్డు

దిక్సూచి గారూ, మీ సూత్రం గురించి మరొక్క మాట. డబ్బు ఇచ్చే చోట్లు చాలా తక్కువ. అవి ఎవరికి దొరుకుతాయి? ఎప్పుడు దరఖాస్తు చేయాలో, సిఫారసు ఉత్తరం ఎవరిని అడగాలో చెప్పే సీనియర్లున్న కళాశాలల పిల్లలకు. సెర్న్ గడువు జనవరి చివరికే ముగుస్తుంది. వేసవి గురించి మా తరగతిలో మాట మొదలయ్యేది మార్చిలో. సొంత డబ్బుతో వెళ్లడం తప్పని మనం ఇక్కడ తీర్మానిస్తే, డబ్బున్న ఇంటి పిల్లలు ఎలాగూ వెళ్తారు, లేనివాళ్లే ఆగిపోతారు.

దిక్సూచి

ఏటి ఒడ్డు గారూ, మీరు చెప్పిన అన్యాయమే నా బాధ కూడా. అందుకే జీతం లేని పనిని మామూలు విషయంగా ఒప్పుకోకూడదంటున్నాను. 2015లో జెనీవాలోని ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో జీతం లేని ఇంటర్న్‌గా చేరిన న్యూజిలాండ్ యువకుడు ఒకరు సరస్సు ఒడ్డున గుడారం వేసుకుని ఉంటున్నారన్న వార్త ప్రపంచమంతా పాకింది. గదికి అద్దె కట్టే స్తోమత లేక అన్నారు. ఆ వార్త కావాలనే బయటపెట్టానని తర్వాత ఆయనే చెప్పారు, తప్పు పట్టినవాళ్లూ ఉన్నారు. కానీ అక్కడ జీతం లేని మాట నిజం. ఇంటర్న్‌లు గట్టిగా అడగడంతోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచి భత్యం ఇవ్వడం మొదలుపెట్టింది. ఫ్రాన్స్‌లో ఇంటర్న్‌షిప్ రెండు నెలలు దాటితే భత్యం ఇవ్వాల్సిందేనని చట్టం. అడిగితే మారుతుంది. ఎవరికి వారు అప్పు చేసి వెళ్తూ ఉంటే ఎందుకు మారుతుంది?

మీ నదీ కేంద్రం మీద నాకు కోపం లేదు. వాళ్లు మీ దగ్గర ఫీజు తీసుకోలేదు, ఆ తేడా చాలా పెద్దది.

సుద్దముక్క

నేను విదేశంలో ఒక విశ్వవిద్యాలయంలో చిన్న ప్రయోగశాల నడుపుతున్నాను. రెండు వైపులా చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

డిసెంబరు, జనవరి నెలల్లో వేసవి చోటు కోసం నాకు రోజూ మెయిళ్లు వస్తాయి. చాలావాటిలో సంబోధన ఒక సైజు అక్షరాల్లో ఉంటుంది, మిగతా ఉత్తరం మరో సైజులో. నా వ్యాసం పేరు బూడిదరంగులో అతికించి ఉంటుంది. కొన్నిట్లో పైన నా పేరు, లోపల మరో ప్రొఫెసర్ పేరు. అవి రాసిన పిల్లల మీద నాకు జాలే గానీ చిరాకు లేదు, ఎవరో వాళ్లకు ‘రెండు వందల మందికి పంపు’ అని చెప్పి ఉంటారు. కానీ వాటికి నేను జవాబు ఇవ్వలేను. మూడేళ్ల కిందట ఒక అబ్బాయి నాలుగు వాక్యాలు రాశాడు. మా వ్యాసంలోని మూడో పటంలో ఉష్ణోగ్రత పెరిగినా ఒక గీత వంగకుండా ఎందుకు తిన్నగా ఉంది అని అడిగాడు. ఆ గీత గురించి మేము రాసిన వివరణ నాకే తృప్తిగా లేదు. వెంటనే జవాబిచ్చాను. ఆ వేసవి అతను మా దగ్గరే ఉన్నాడు, ఖర్చు ప్రాజెక్టు నిధుల నుంచి పెట్టాను. అతని మార్కులు నాకు ఇప్పటికీ గుర్తు లేవు. ఏటి ఒడ్డు గారు అడిగిన తలుపు ఇలా కూడా ఉంటుంది. అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో 1979 నుంచి నడుస్తున్న సర్ఫ్ అనే 10 వారాల కార్యక్రమంలోనూ ఇదే మూలం: విద్యార్థి ముందు మార్గదర్శితో మాట్లాడి పరిశోధన ప్రతిపాదన రాసుకోవాలి. చోటు తర్వాత, పని ముందు.

ఇక వీసా సంగతి, దీన్ని ఎవరూ ఎత్తలేదు. జీతం లేకపోతే పర్యాటక వీసా చాలని చెప్పేవాళ్లను నమ్మకండి. చాలా దేశాల్లో జీతం లేని పని కూడా పనే. సరిహద్దు దగ్గర అధికారి “ఎందుకు వచ్చావు?” అని అడిగితే అబద్ధం చెప్పాల్సిన పరిస్థితిలోకి ఏ విద్యార్థీ వెళ్లకూడదు. అమెరికా పద్ధతి చూడండి. జె-1 వీసాలో ఇంటర్న్‌గా వెళ్లేవారికి డీఎస్-7002 అనే శిక్షణ ప్రణాళిక ఉండాలి. ఏ పని, ఎవరి పర్యవేక్షణలో, ఏం నేర్చుకుంటారు అన్నీ అందులో రాసి, విద్యార్థి, పర్యవేక్షకుడు, పూచీ పడే సంస్థ సంతకాలు చేయాలి. గుమస్తా పని 20 శాతం మించకూడదన్న నియమం కూడా ఉంది. రెండో వరుస గారి పిన్నుల గది అలాంటి కాగితం మీదకు ఎక్కేది కాదు.

ఫీజు ఉన్న ప్రతిదీ మోసమని నేను అనను. మంచి సంస్థలు కూడా దరఖాస్తు ఖర్చుకు కొంత తీసుకుంటాయి. తెరచాపా, డబ్బు కట్టేముందు ఆ సంస్థకు మూడు ప్రశ్నలు పంపమ్మా. నా పర్యవేక్షకుడు ఎవరు, ఆయనతో ఇప్పుడే మాట్లాడవచ్చా? మొదటి వారంలో నేను చేసే పని ఏమిటి? ఏ రకం వీసా? వాళ్లు జవాబు ఇచ్చే తీరులోనే నీకు చాలా తెలుస్తుంది.

త్రాసు

నాలుగో ప్రశ్న కూడా కలపండి: మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారు? రాతపూర్వకంగా.

తెరచాప

నాలుగు ప్రశ్నలూ పంపాను. మూడు రోజుల తర్వాత జవాబు వచ్చింది. పర్యవేక్షకుణ్ని అక్కడికి చేరాక కేటాయిస్తారట. పని “మీ ఆసక్తిని బట్టి” ఉంటుందట. పర్యాటక వీసా చాలట. డబ్బు వెనక్కి ఇవ్వరు. చివర్లో, చోట్లు త్వరగా నిండిపోతున్నాయి కాబట్టి విడత రెండు రోజుల్లో కట్టమన్నారు.

కట్టడం లేదు. నాన్నగారికి నిన్న రాత్రి చెప్పాను. ఆయన ముఖంలో నిశ్చింత కనిపిస్తుందనుకున్నాను, కాసేపు మౌనంగా ఉండిపోయారు. నాకోసం ఆ డబ్బు తేగలనన్న నమ్మకం ఆయనకు చాలా ముఖ్యమైనదేమో, అది నేను అప్పటిదాకా గమనించలేదు. తర్వాత అడిగారు: “మరి ప్రొఫెసర్లకు నువ్వే రాయడం ఎప్పుడు మొదలుపెడతావు?”

ఈ వేసవికి ఆలస్యమైంది, వచ్చే ఏడాదికి చూస్తాను. బ్యాటరీల మీద ఒక వ్యాసం దొరికింది. మూడు రోజులుగా రెండో పేజీ దాటలేకపోతున్నాను. అక్కడ ఒక సమీకరణంలో ఒక పదాన్ని ‘స్వల్పం’ అని వదిలేశారు. చలిలో అది స్వల్పం ఎలా అవుతుందో నాకు అర్థం కావడం లేదు. ఇలాంటి చిన్న సందేహం రాస్తే తేలిగ్గా చూస్తారా?

ఏటి ఒడ్డు

నాకైతే ఆ ప్రశ్న చిన్నదిగా అనిపించలేదు.

సుద్దముక్క

అదే రాయమ్మా, ఇప్పుడే రాయి. వచ్చే ఏడాది చోటు సంగతి ఇప్పుడు ఎత్తకు, సందేహం ఒక్కటే అడుగు. పంపేముందు పైన ఎవరి పేరు రాశావో ఒకసారి చూసుకో.