తమ్ముడి ఎమ్మారైలో "28 మి.మీ." అని ఉంది, రీసెర్చ్ స్కానింగ్‌కి ఒప్పుకోవాలా?

తమ్ముడి_అక్క:
నమస్తే అండి. మా తమ్ముడు ఎత్తు మీద నుంచి పడ్డాడు. మెడలో సీ5-సీ6 (మెడ పూసల్లో ఐదు, ఆరు) దగ్గర వెన్నుపాము దెబ్బతింది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. పడ్డ రోజు తీసిన ఎమ్మారై రిపోర్టులో "టీ2లో 28 మి.మీ. పొడవున తెల్లటి సిగ్నల్, రక్తస్రావం లేదు" అని ఉంది. వెన్నుపాము గాయం తీవ్రతని ఏ నుంచి ఈ దాకా చెప్పే ఏషియా స్కేలులో గ్రేడ్ బీ అన్నారు. స్పర్శ కొంత తెలుస్తోంది, కాళ్లలో కదలిక లేదు.

ఇప్పుడు ఒక పరిశోధన బృందం వచ్చి నెలకి, మూడు నెలలకి, ఏడాదికి మళ్లీ స్కాన్ చేస్తామంటోంది. డీటీఐ అనే ఇంకో రకం ఎమ్మారై కూడా తీస్తారట, మెదడు కూడా తీస్తారట. సంతకం పెట్టాల్సిన కాగితంలోనేమో "పాల్గొన్నవారికి నేరుగా లాభం ఉండకపోవచ్చు" అని రాశారు. "అక్కా, ఆ ఫొటోలో నేను లేస్తానో లేదో కనపడదా?" అని వాడు రోజూ అడుగుతున్నాడు. మిల్లీమీటర్లతో సహా కొలిచినవాళ్లు ఆ ఒక్క ముక్క ఎందుకు చెప్పలేరు?

స్లైసుల_ఇంజనీర్:
నేను డాక్టర్ని కాదండి. వెన్నుపాము ఎమ్మారైల మీద పనిచేసే ల్యాబులో ఇంజనీరుని. గాయం అంచుల్ని ఒక్కో స్లైసులో మౌసుతో గీయడం నా ఉద్యోగంలో సగం.

ఆ 28 చూసి హడలిపోకండి. టీ2 అనే రకం ఎమ్మారై చిత్రంలో నీరు ఎక్కువున్న చోటల్లా తెల్లగా వస్తుంది. మొదటి రోజు ఆ తెలుపులో వాపెంత, నిజంగా పోయిందెంత అన్నది విడదీయలేం. వాపు మొదటి రెండు మూడు రోజులు పెరుగుతుంది కూడా, కాబట్టి పడ్డాక ఎన్ని గంటలకి తీశారన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. "రక్తస్రావం లేదు" అన్న మాటకి నేనైతే ఎక్కువ విలువిస్తాను. 2015లో వచ్చిన "బేసిక్" (BASIC) అనే ఎమ్మారై స్కోరు 0 నుంచి 4 దాకా ఉంటుంది. వెన్నుపాము అడ్డకోతలో తెలుపు ఎంతమేర పరుచుకుందో చూసి గ్రేడ్ ఇస్తారు. మొత్తం పరుచుకుని, లోపల రక్తం కూడా ఉంటేనే 4.

నెల దాటాక తీసే స్కాన్ వేరే కథ. వాపు, రక్తం తగ్గి, మధ్యలో నీరు నిండిన ఖాళీ తేలుతుంది. దానికి ముందూ వెనకా మిగిలిన కణజాలం సన్నటి నల్ల చారలుగా కనపడుతుంది. వీటినే టిష్యూ బ్రిడ్జెస్ అంటాం. సరిగ్గా మధ్యలో పడే నిలువు స్లైసులో వాటి వెడల్పు కొలుస్తాం. జ్యూరిక్‌లోని బాల్‌గ్రిస్ట్ ఆసుపత్రి బృందం ఏళ్ల తరబడి దీని వెంటపడింది. జ్యూరిక్, జర్మనీలోని ముర్నావ్, అమెరికాలోని డెన్వర్ కేంద్రాల నుంచి మెడ గాయాలైన 227 మంది స్కాన్లు చూసి 2024లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. చారలు వెడల్పుగా మిగిలినవాళ్లు ఏడాదికి ఎక్కువ కోలుకున్నారు. దీనికి డీటీఐ అక్కర్లేదు, మామూలు టీ2 చాలు.

ఇక మీ తమ్ముడి ప్రశ్న. చార ఉందంటే అక్కడ కణజాలం ఉందనే అర్థం. అది పనిచేస్తోందా లేదా అన్నది ఆ చిత్రం చెప్పదు. గొట్టం ఫొటో చూసి లోపల నీళ్లు పారుతున్నాయా అని అడిగినట్టే. ఏషియా ఏ గ్రేడ్ (గాయం కింద స్పర్శ, కదలిక రెండూ లేని) వాళ్లలో కూడా కొందరికి చారలు కనపడతాయి. వందల మందిని కలిపి చూస్తే లెక్క తేలుతుంది, ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికి నమ్మకం తగ్గిపోతుంది. చేత్తో చేసే పరీక్షే ఇప్పటికీ ముందుంటుంది (స్కానర్ల మీద బతికేవాణ్ణి, చెప్పడం కాస్త కష్టమే). గ్రేడ్ బీలో ఒకటి అడగండి: మలద్వారం చుట్టూ దూది తాకితేనే తెలుస్తోందా, గుండుసూది గుచ్చితే కూడా తెలుస్తోందా? గుచ్చడం తెలిసేవాళ్లకి నడక వచ్చే అవకాశం ఎక్కువ. ఆ కబురు మోసే దారి, కాళ్లని కదిలించే దారి పాములో దగ్గరదగ్గరగా ఉంటాయి.

తమ్ముడి_అక్క:
గుండుసూది సంగతి ఇంతవరకు ఎవరూ చెప్పలేదండి. మరి ఆ డీటీఐ దేనికి? మెదడెందుకు?

స్లైసుల_ఇంజనీర్:
నరాల పోగులు బాగుంటే నీటి అణువులు వాటి వెంబడే కదులుతాయి, తెగితే ఎటుపడితే అటు పోతాయి. డీటీఐ కొలిచేది ఆ తేడానే. ఆలోచన బంగారం, ఆచరణ నరకం. మెడలో పాము అడ్డంగా సెంటీమీటరు పైచిలుకు, ముందు నుంచి వెనక్కి అంతకంటే తక్కువ. చుట్టూ ఉన్న ద్రవం గుండె కొట్టుకున్నప్పుడల్లా ఉలిక్కిపడుతుంది, ఊపిరి తీస్తే అయస్కాంత క్షేత్రమే కాస్త మారుతుంది. వేలికి క్లిప్పు పెట్టి నాడికి తగ్గట్టు స్కాన్ చేసినా బొమ్మ వంకరపోతుంది. ఇక స్క్రూలుంటే సరిగ్గా గాయం ఉన్న చోటే చిత్రం పాడవుతుంది. టైటానియం అయితే కొంత నయం. అందుకే చాలామంది గాయానికి పైన, సీ2-సీ3 దగ్గర కొలుస్తారు. మొదటి ఏడాదిలో అక్కడ కూడా పాము సన్నబడుతుందని, మెదడులో కదలికల భాగం కూడా మారుతుందని 2013లోనే చూపించారు. మెదడు స్కాన్ దానికోసమే, కంగారేమీ లేదు.

టీ4_వీల్‌చెయిర్:
అక్కా, నేను ఇలాంటి స్టడీలో పడుకున్నవాణ్ణే. థియరీ ఆయన చెప్పారు, నేను బల్ల మీద సంగతులు చెప్తా.

లోపలికి వెళ్లేముందు మూత్రాశయం ఖాళీ చేయించండి. టీ6కి (ఛాతీ వెనక ఆరో పూస) పైన దెబ్బ తగిలినవాళ్లకి అది నిండితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, తలపోటు, చెమటలు వస్తాయి. దీన్నే ఆటోనమిక్ డిస్‌రెఫ్లెక్సియా అంటారు. ఈ మాట టెక్నీషియన్‌కి ముందే చెప్పండి, అందరికీ తెలిసి ఉండదు. క్యాథెటర్‌కి టెంపరేచర్ సెన్సర్ ఉందేమో చూపించండి, బ్యాక్లోఫెన్ పంపు (కండరాల బిగుతు తగ్గించే మందుని ఒంట్లోకి పంపేది) లాంటివి ఉన్నా చెప్పండి. మడమల కింద, నడుం కింద మెత్తలు అడగండి. కేబుళ్లు ఒంటికి తగలకూడదు, చర్మం కాలినా వాడికి తెలియదు. కాళ్లు బిగుసుకుని ఎగిరితే స్లైసులు పోతాయి, కాబట్టి పట్టీలు వేయమనండి.

సంతకం పెట్టేముందు రెండు అడుగు. మధ్యలో మానేస్తే వైద్యం ఏమైనా తగ్గిస్తారా? తగ్గించకూడదు. స్కాన్‌లో వేరే ఏదైనా, ముఖ్యంగా పాములో నీటి తిత్తి పెరుగుతున్నట్టు కనపడితే మాకు చెప్తారా? నన్నడిగితే ఆ రెండో దానికోసమైనా ఒప్పుకోవచ్చు. ఏడాది పాటు ఎవరో ఒకరు చూస్తుంటారు.

తమ్ముడి_అక్క:
రేపు వాళ్లని కలుస్తున్నాను. నిర్ణయం మాత్రం వాడిదే, ఇదంతా వాడికే చదివి వినిపిస్తాను. స్కాన్ల కాపీ అడగవచ్చా?

స్లైసుల_ఇంజనీర్:
అడగండి. డైకామ్ ఫైళ్లే (స్కానర్ నుంచి వచ్చే అసలు ఫైళ్లు) ఇమ్మనండి. జేపీజీ బొమ్మలిస్తే వద్దనండి, వాటిలో కొలతలు పోతాయి, రేపు ఇంకో డాక్టరు చార వెడల్పు కొలవలేరు.