ఊరి చరిత్ర ప్రదర్శనశాలకు జనం రెండోసారి రావాలంటే ఏ కార్యక్రమాలు పెట్టాలి?

ప్రశ్న: కౌశిక తీరం

అమలాపురం దగ్గర మా ఊళ్లో పాత గ్రంథాలయ భవనంలోని రెండు గదులు బాగుచేయించి, ఊరివారు ఇచ్చిన వస్తువులతో చిన్న ప్రదర్శనశాల ఏర్పాటు చేసుకున్నాము. సోల, తవ్వ, మానిక, కుంచం వంటి కొలపాత్రలు, పడవవారి గడలు, రెండు తాటాకు కట్టలు, పాత ఫోటోలు, నరసాపురం వైపు నుంచి వచ్చిన కోడళ్లు తెచ్చుకున్న లేసు అల్లికలు ఉన్నాయి. ప్రారంభోత్సవం నాడు నిలబడడానికి చోటు లేకపోయింది గానీ, ఒకసారి చూసి వెళ్లినవారు మళ్లీ గుమ్మం తొక్కడం లేదు. రాజరాజనరేంద్రుడు, నన్నయ, కాటన్ దొర విశేషాలతో పెద్ద ఫ్లెక్సీలు వేయించి పెడితే జనం వస్తారని కమిటీలో కొందరు అంటున్నారు. ఉన్న వస్తువులతోనే ఏదైనా చేయాలని నా అభిప్రాయం. అనుభవం ఉన్న పెద్దలు సలహా ఇవ్వగలరని కోరుతున్నాను.

జవాబు: గ్యాలరీ మేస్త్రి

అయ్యా, ప్రదర్శనశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక కాస్త విపులంగా రాస్తున్నాను. శాసనాలూ శిల్పాలూ చూడదలచినవారికి రాజమహేంద్రవరంలో రాళ్లబండి సుబ్బారావు ప్రదర్శనశాల ఉంది. కాటన్ సంగతులకు ధవళేశ్వరంలో ఆయన పేరనే మ్యూజియం ఉంది. వాటిలో ఉన్నదాన్ని మీరు ఫ్లెక్సీ మీద మళ్లీ వేయిస్తే, చూసినవారికి కొత్తగా దొరికేదేమీ ఉండదు.

మీ దగ్గరున్న కొలపాత్రలనే తీసుకోండి. వాటి ముందు ‘కుంచం, ఇత్తడి, పురాతనమైనది’ అని చీటీ పెట్టి ఉంటారని నా అనుమానం. మన వైపు నూటికి తొంభై చీటీలు అలాగే ఉంటాయి. దానికి బదులు అది ఎవరి ఇంటిది, దానితో కళ్లంలో కూలి కొలిచారా లేక ఇంట్లో బియ్యం కొలిచారా, కొలిచేటప్పుడు రాశిగా పోసేవారా, తలగొట్టేవారా (అంచు దాటిన గింజలను గీసి సమం చేసేవారా) అన్నది రాయండి. ఈ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కూలివాడి ఇంటికి చేరే ధాన్యం ఎంతో తేల్చేది అదే; కనుక కొలిచి ఇచ్చిన ఇంటి పెద్దనూ, కొలిపించుకున్న ఇంటి పెద్దనూ ఇద్దరినీ పిలిచి అడగాలి. చెప్పినదాన్ని వారి అనుమతితో రికార్డు చేసి, తేదీ వేసి దాచండి.

తరవాత పిల్లలకు చాప మీద ధాన్యం పోసి, వాడుకకు వేరే పాత్రలు ఇచ్చి కొలిపించండి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం అని వారంతట వారే పట్టుకుంటారు. 1956 నాటి చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాక ఇవి ఎలా మూలబడ్డాయో అప్పుడు చెబితే వింటారు. ఇలా ఒక్కొక్క వస్తువును కొన్ని నెలలు ముందుకు తెచ్చి, తక్కినవాటిని లోపల పెడితే రెండోసారి రావడానికి కారణం ఉంటుంది. అన్నీ ఒకేసారి పరిచిన గది సామాన్ల గదిలాగే ఉంటుంది.

జవాబు: దస్తావేజు

కార్యక్రమాలకు ముందు కాగితాలు సరిచూసుకోవలసిందిగా మనవి. ప్రతి వస్తువుకూ ఇచ్చినవారి సంతకంతో రసీదు ఉండాలి. శాశ్వతంగా ఇచ్చారా, కొంతకాలానికి ఇచ్చారా అన్నది అందులో స్పష్టంగా లేకపోతే రేపు వారి పిల్లల మధ్య పంపకాల తగవు మీ గుమ్మంలోకి వస్తుంది. ఫోటో తీసి, పగుళ్లూ సొట్టలూ రాసి, నంబరు చీటీని నూలు దారంతో కట్టండి, పాత్ర మీద రంగుతో రాయవద్దు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువులు, విలువైన రాతప్రతులైతే డెబ్భై అయిదేళ్లు దాటినవి, పురావస్తువుల లెక్కలోకి వస్తాయి. అందులో కొన్ని రకాలకు నమోదు తప్పనిసరి గనుక తాటాకు కట్టల విషయం నమోదు అధికారికి రాసి అడగండి. చేపల చెరువులు తవ్వేటప్పుడు విగ్రహమో నాణేలో బయటపడితే మాత్రం ఎవరు తెచ్చి ఇచ్చినా పుచ్చుకోవద్దు. 1878 నాటి నిక్షేపాల చట్టం కింద భూమిలో దొరికిన పది రూపాయల విలువకు మించిన దాన్ని కలెక్టరుకు తెలియజేయాలి.

తాటాకులను, ఫోటోలను ఎవరెంత చెప్పినా లామినేషన్ చేయించకండి. మన గాలిలోని చెమ్మకు బూజూ చెదలూ ఎలాగూ పొంచి ఉంటాయి గనుక వాటిని గోడకు ఆనించకుండా, ఎండ తగలని చోట ఉంచండి.

జవాబు: బడి పంతులమ్మ

మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం చేద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఆ రోజున బడులకు సెలవులు, ఎండ సంగతి సరేసరి. బడిపిల్లల కార్యక్రమమైతే నవంబరు 19 నుంచి 25 వరకు జరిగే ప్రపంచ వారసత్వ వారోత్సవం అనువుగా ఉంటుంది.

పెద్ద కార్యక్రమానికి సంక్రాంతిని మించిన సమయం లేదు, ఎందుకంటే హైదరాబాదు నుంచీ విదేశాల నుంచీ అందరూ ఊళ్లోనే ఉంటారు. కనుమ నాడు ఎలాగూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోతారు గనుక భోగి సాయంత్రం పెట్టుకోండి. మీ దగ్గరున్న పాత ఫోటోల నకళ్లు పెద్దవి తీయించి, ప్రతి మనిషి మీదా ఒక అంకె వేసి గోడకు అతికించి, కింద చీటీలూ పెన్నులూ ఉంచండి. ‘ఏడో నంబరు మా మేనత్త’ అని ఒకరు రాస్తే, కాదు ఆవిడ తోడికోడలని ఇంకొకరు రాస్తారు. ఆ వాదన తేలేదాకా ఎవరూ కదలరు.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మాత్రం ఒక ఉదయం లాకుల దగ్గరికి, అంటే కాలువలో పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపుల కట్టడం దగ్గరికి నడిపించండి. నీళ్లు ఉన్నప్పుడు కనబడని రాతి కట్టడం అప్పుడు అడుగుదాకా కనిపిస్తుంది, పడవ ఎలా ఎక్కేదో దిగేదో చూపి చెప్పవచ్చు.

జవాబు: అల్లిక

పంతులమ్మగారి లాకుల మాటకు ఒకటి చేరుస్తాను. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి చెప్పేటప్పుడు కాటన్ పేరుతో ఆగిపోకుండా, కాలువల మట్టి తవ్వి మోసినవారి గురించి మీ ఊళ్లో ఏ కుటుంబం చెప్పగలదో వెతకండి. లేసు విషయంలోనూ అంతే. మా ఇంట్లో మూడు తరాలవారు అల్లారు. దాన్ని అద్దాల వెనక ‘కళాఖండం’ అని పెడితే మాకు నవ్వు వస్తుంది. దారం ఎవరిచ్చారు, కూలి ఏ లెక్కన కట్టారు, అల్లినామె పేరేమిటి అన్నవి రాయండి. ఆమె బతికి ఉంటే ఒక పూట కుర్చీ వేసి కూర్చోబెట్టి అల్లిక చూపించమనండి, ఆ పూట కూలి ఇవ్వడం మరవకండి.

కౌశిక తీరం

అందరికీ ధన్యవాదాలు. రసీదుల పని రేపే మొదలుపెడతాము. భోగి నాడు ఫోటోలు, ఆపైన కొలపాత్రలు అని కమిటీలో ఒప్పించాను. కాటన్ ఫ్లెక్సీ ఒకటి ఉండాలని పట్టుబట్టినవారికి, వేసవి నడకలో లాకుల దగ్గర మాట్లాడే పని అప్పగించాము. దస్తావేజు గారికి ఒక సందేహం: ఇచ్చిన పెద్దాయన కాలం చేసి, నోటిమాట తప్ప కాగితం లేని వస్తువులు నాలుగు ఉన్నాయి. వాటికి వారసులందరి సంతకాలూ తీసుకోవాలా, ఒక్కరిది సరిపోతుందా?