‘రన్నింగ్ బ్యాక్’ను తెలుగులో ఏమనాలి?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక ఆటగాడి స్థానానికి పేరైన ‘రన్నింగ్ బ్యాక్’ను ఒక అనువాదంలో ‘వెనక్కు పరుగెత్తేవాడు’ అని రాశారని, అది సరైనదేనా అని మన సమూహ సభ్యులొకరు అడిగారు. సరైనది కాదు. ఆ ఆటగాడు చేయకూడని పనుల్లో మొదటిది వెనక్కు పరుగెత్తడమే. ప్రత్యర్థులకు ఎదురుగా వరుసకట్టిన తన జట్టువాళ్ళకు వెనుక, కొంత ఎడంగా నిలబడతాడు కాబట్టి అతడు ‘బ్యాక్’. అక్కడ బంతి అందుకుని ముందుకు దూసుకుపోతాడు కాబట్టి ‘రన్నింగ్’. ఆ ‘బ్యాక్’ చోటును చెబుతుందే తప్ప దిక్కును చెప్పదు. చెడుగుడులో కూతకు వెళ్ళినవాడు తిరిగి రావలసిందే కనుక మనకు ఈ పొరపాటు సహజమేమో గానీ, ఇక్కడ తిరిగొచ్చే పనే లేదు. ఎంత ముందుకు వెళ్ళి పడితే అంత లాభం.

డాలస్ పక్కన కాపురముంటూ ఏళ్ళ తరబడి అక్కడి జట్టు కౌబాయ్స్ ఆట చూస్తున్నవాడిగా ఒక సంగతి గమనించాను. మా ఇంట్లో టీవీ ముందు ఈ ఆటగాడి పేరు ఇంగ్లీషులోనే ఉంటుంది గానీ, అతడు చేసే పనులన్నీ తెలుగులోనే వినిపిస్తాయి: సందు చూసి దూరాడు, చేతికి చిక్కకుండా జారుకున్నాడు, ఇద్దరిని ఈడ్చుకుపోయాడు. ఈ ఆటలో దూరాన్ని కొలిచే యార్డుకు మాట వెతకనక్కరే లేదు. ఇంటిస్థలాల బేరాల్లో ‘చదరపు గజం’ అంటూ మనం రోజూ పలికే మూడడుగుల గజమే అది.

వీటిలో నాకు అన్నిటికన్నా విలువైనది ‘సందు’. ‘సందు దొరికితే చాలు’ అని మనం ఎత్తిపొడుపుగా అంటాం గానీ, 1990 నుంచి 2002 దాకా కౌబాయ్స్‌కు ఆడిన ఎమ్మిట్ స్మిత్ గొప్పతనమంతా ఆ మాటలోనే ఉంది. అయిదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి, వేగంలో అందరినీ మించినవాడూ కాదు. అయినా ముందున్న ఆటగాళ్ళ గోడలో జానెడు సందు తెరుచుకునేదాకా ఒక్క క్షణం ఆగి, తెరుచుకోగానే దూరి, తర్వాత మరో జట్టుకు ఆడిన రెండేళ్ళతో కలిపి మొత్తం 18,355 గజాలు పరుగెత్తాడు. ఆ లెక్కను ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. అంతకుముందు కౌబాయ్స్‌కే ఆడిన టోనీ డోర్సెట్ తీరు వేరు. 1983 జనవరి 3న మిన్నెసోటా జట్టు మీద, పొరపాటున తనవాళ్ళు పదకొండుమందికి బదులు పదిమందే మైదానంలో ఉన్నప్పుడు, అతడు 99 గజాలు ఒకే ఊపున పరుగెత్తాడు; దాన్ని ‘దూరడం’ అంటే నప్పదు, ‘దూసుకుపోవడం’ అనాలి. ఆ ఆట మనవాళ్ళు ఓడిపోయారన్నది వేరే బాధ.

పేరు కూడా తెలుగులోనే కావాలంటే ‘పరుగుబంటు’ అనవచ్చునని నా సూచన. చదరంగంలో బంటు ముందుకే కదులుతుంది, వెనక్కు రాదు.

ఒక సభ్యుని స్పందన: ‘పరుగుబంటు’ వినడానికి బాగుంది గానీ, రన్నింగ్ బ్యాక్ పరుగుతోనే సరిపెట్టడు కదండీ, విసిరిన బంతిని పట్టుకుంటాడు, ఎదుటివాళ్ళను అడ్డుకుంటాడు. మీ మాటలో అవి ఎక్కడున్నాయి?

నా జవాబు: మీ అభ్యంతరం న్యాయమైనదేనండీ. 1994 జనవరి 2న న్యూయార్క్ జెయింట్స్‌తో జరిగిన ఆటలో, భుజం కీలు దెబ్బతిన్నా బయటికి రాకుండా, ఎమ్మిట్ 32 సార్లు బంతితో పరుగెత్తడమే కాక 10 సార్లు విసిరిన బంతిని పట్టుకుని మొత్తం 229 గజాలు సాధించాడు. అదనపు సమయంలో కౌబాయ్స్ 16-13తో గెలిచారు. అయితే ఆ లోటు ఇంగ్లీషు పేరులోనూ ఉంది. అందులోనూ పట్టుకోవడం గురించి ఒక్క అక్షరం లేదు. నన్ను అంతకన్నా ఇబ్బంది పెట్టేది ‘ఫుల్‌బ్యాక్’ అనే మరో ఆటగాడి పేరు. ఒకప్పుడు అందరికన్నా వెనుక నిలబడేవాడు కనుక ఆ పేరు వచ్చింది. ఎమ్మిట్ కాలానికి డారిల్ జాన్‌స్టన్ అదే పేరుతో, ఎమ్మిట్‌కు ముందు నిలబడి దారి చేసేవాడు. అతన్ని ‘ముందుబంటు’ అనాలని ఉంది గానీ, పేరులో ‘బ్యాక్’ పెట్టుకున్నవాణ్ణి ‘ముందు’ అంటే ఈ సమూహం ఒప్పుకుంటుందా అన్నదే సందేహం.