తుపాను తీరం దాటేది ఎక్కడో అయినప్పుడు విజయవాడలో ఉన్నవాళ్లం దేన్ని గమనించాలి?

ప్రశ్న (అజిత్‌సింగ్ నగర్ నుంచి)

బంగాళాఖాతంలోని వాయుగుండం తుపానుగా మారి ఉత్తరాంధ్ర వైపు వెళ్లవచ్చని వాతావరణ శాఖ చెబుతోంది. మ్యాప్‌లో తుపాను దారి చూపే గీత మన జిల్లాకు చాలా దూరంగా ఉంది కాబట్టి కంగారు అక్కర్లేదని మా వీధిలో అంటున్నారు. మేము కింది పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాం, మా అమ్మగారు మెట్లు ఎక్కలేరు. ఆవిడను నూజివీడులోని పిన్ని ఇంటికి పంపాలంటే ఒక పూట ముందైనా నిర్ణయించుకోవాలి. ఏ సమాచారం చూసి నిర్ణయించుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (సత్యనారాయణపురం నుంచి)

ఆ గీతను నమ్ముకుని ధీమాగా ఉండకండి. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం తీరం దాటింది కళింగపట్నం దగ్గర, అంటే మనకు దాదాపు 400 కిలోమీటర్ల అవతల. అయినా తెల్లవారేసరికి మునిగింది మన ఊరు. పైగా అది తుపాను స్థాయికి కూడా చేరలేదు. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను అంటారు; ఆ లెక్కలో వాన ఊసే ఉండదు. గీత చుట్టూ వెడల్పవుతూ కనిపించే భాగం కూడా తుపాను కేంద్రం ఎటు జరగవచ్చో చెప్పేదే తప్ప వాన ఎంతవరకు పడుతుందో చెప్పేది కాదు.

అందువల్ల మీరు చూడవలసింది జిల్లాలవారీ వర్ష హెచ్చరిక. ఎన్టీఆర్ జిల్లాకు రెడ్ ఇచ్చారంటే 24 గంటల్లో 20 సెంటీమీటర్లకు మించి కురిసే అవకాశం ఉందని అర్థం. ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల హెచ్చరికలు కూడా చూడండి, ఎందుకంటే మున్నేరు నీరు అటు నుంచే వచ్చి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది.

జవాబు (కొండపల్లి నుంచి)

పైవారు చెప్పినదానికి బుడమేరు వాగు సంగతి కలపాలి, సింగ్‌నగర్‌కు అసలు ముప్పు దానితోనే. మైలవరం వైపు కొండల్లో కురిసిన వాన కొన్ని గంటల్లోనే వెలగలేరు రెగ్యులేటర్‌కు (బుడమేరు నీటిని ఆపే గేట్లకు) చేరుతుంది. అక్కడి నుంచి డైవర్షన్ ఛానల్ ద్వారా దాన్ని కృష్ణలోకి మళ్లించాలి, కానీ కృష్ణే నిండుగా ఉంటే ఆ నీటిని తీసుకోదు. 2024లో జరిగింది అదే: ఛానల్ కట్టకు గండ్లు పడ్డాయి, నీరు ఊరి మీదికి మళ్లింది, సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదలవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. ఒక సందేహం మిగిలింది. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేసినా మా ఇంట్లోకి చుక్క నీరు రాని సందర్భాలు ఉన్నాయి. అలాంటి ప్రతిసారీ అమ్మను పంపడం మాకు వీలుకాదు.

జవాబు (కొండపల్లి నుంచి)

అవసరం లేదండి. 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటి వచ్చే వరద గురించి ముందే తెలుస్తుంది. అదొక్కటే అయితే నదీతీరం వాళ్లు, లంక గ్రామాల వాళ్లు చూసుకోవాలి. మీకు ప్రమాదం, కృష్ణ నిండుగా ఉన్నప్పుడే మైలవరం, జి.కొండూరు వైపు కుండపోత పడితే. ఆ రెండూ కలిసే సూచన కనిపిస్తే చీకటి పడకముందే అమ్మగారిని పంపించేయండి. వెలగలేరు గేట్లు ఎత్తుతున్నారన్న కబురు వచ్చేదాకా ఆగితే మందులు, కాగితాలు సర్దుకునే వ్యవధి కూడా ఉండదు.

జవాబు (తెనాలి నుంచి)

మా వైపు పరిస్థితి వేరు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలికి వరి పడిపోయి, చేలల్లో నీరు నిలిచింది. మాకు కేంద్రం ఎటు వస్తుందన్నది కూడా ముఖ్యమే. మీకు ఎగువ వాన ముఖ్యం.

ప్రశ్న అడిగినవారు

అర్థమైందండి. 2024లో మా ఇంట్లో ముందుగా స్నానాలగది తూములోంచి నల్లటి నీరు ఎదురుతన్నింది, అప్పటికి వీధి ఇంకా పొడిగానే ఉంది. ఈసారి అంతదాకా ఆగము. రేపు మధ్యాహ్నం బులెటిన్‌లో మన జిల్లాకు రెడ్ ఉండి, బ్యారేజీ దగ్గర వరద పెరుగుతూ ఉంటే సాయంత్రానికల్లా అమ్మను నూజివీడు చేరుస్తాం. పక్క పోర్షన్‌లోని పెద్దాయన కూడా ఒంటరిగా ఉంటారు, ఆయనను కూడా మాతో రమ్మని ఇప్పుడే అడుగుతాను.