గులకరాయి అని దేనిని అనాలి?

బండ పగలగొట్టి తీసిన కంకరను కూడా గులకరాళ్లు అనవచ్చునా అని సభ్యులొకరు అడిగారు. అనకూడదని నా దృఢమైన అభిప్రాయం. పర్లాకిమిడి పక్క మహేంద్రతనయ నదిలోనైనా, కాశీనగరం దగ్గర వంశధారలోనైనా మనం గులకరాయి అనేది నీటిలో అరిగి నునుపుదేరిన రాతినే. ఆ మాట రాతి జాతిని చెప్పదు, దాని అరుగుదలను చెబుతుంది. కనుకనే తెల్లని పలుగురాయికీ, చారలున్న నైస్ రాతికీ, చార్నోకైటు అనే నల్లని గట్టి రాతికీ ఏటి ఒడ్డున అదే పేరు చెల్లుతున్నది.

అయితే గుండ్రదనం ఒక్కటే చూసి నిర్ణయించరాదు. కదలకుండా ఉన్నచోటనే ఎండకు, వానకు ఉల్లిపొరల వలె పొరలూడి గుండ్రబడే బండలున్నాయి. మొరం నేలలో ఇనుము పేరుకొని ఏర్పడే ఉండలు కూడా ప్రవాహంలో అరిగినవి కావు. పొరలూడిన బండ పైభాగం గరుకుగా ఉండి, గీకితే పొడిగా రాలుతుంది. ఏటిలో దొర్లిన రాయి తోటి రాళ్లను ఢీకొని, ఇసుక ఒరిపిడికి ముందుగా మూలలను, ఆపైన అంచులను పోగొట్టుకొని, పైభాగం గట్టిగా, నున్నగా మిగులుతుంది. పలుగురాళ్ల మీదనైతే ఆ దెబ్బలు చిన్న చిన్న నెలవంక గాట్లుగా భూతద్దంలో కనబడతాయి. అన్నింటిలో నేను ఎక్కువగా నమ్మే గుర్తు ఇదే.

రాతి జాతి తెలియాలంటే చాకుమొనతో గీయాలి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుండి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో పలుగురాయి కాఠిన్యం 7 కనుక, మామూలు చాకు దాని మీద గీత పెట్టలేక తన లోహపు చారనే వదులుతుంది. కోంధు గిరిజనుల పేరు మీదుగా పేరు పొందిన ఖోండలైట్ అనే రాయి తూర్పు కనుమలలో విస్తారంగా ఉన్నా, వాతావరణానికి త్వరగా శిథిలమవుతుంది; గట్టిదైన పలుగురాయి ఏటిలో ఎంత దూరమైనా నిలుస్తుంది.

పరిమాణం విషయంలో, 1922లో అమెరికా భూవిజ్ఞాని వెంట్‌వర్త్ ప్రకటించిన కొలత ప్రకారం 4 నుండి 64 మిల్లీమీటర్ల వరకు ఉన్నవాటిని గులకరాళ్లనీ, అంతకు మించి 256 మిల్లీమీటర్ల వరకు ఉన్నవాటిని గుండ్రాళ్లనీ వ్యవహరిస్తే మన వాడుకకు భంగం కలగదు. నూతులు తవ్వేటప్పుడు ఏటికి దూరంగా బయటపడేవి కూడా, ఒకప్పుడు అక్కడ నీరు పారినందున ఏర్పడినవే గనుక, గులకరాళ్లే.

పొరలున్న రాయి అరిగితే గుండ్రంగా కాక పలకగా, బిళ్లవలె తయారవుతుంది. దీనికి గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగువారిలో వేరే మాట ఉంటే సభ్యులు దయచేసి తెలియజేయగలరు.