మా నాయన బొమ్మలు ఏం చేయాలి?

ప్రశ్న (కావలి నుంచి)

మా నాయన సినిమా బ్యానర్లు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. తర్వాత షాపు బోర్డులు, గోడల మీద సిమెంటు ప్రకటనలు, లారీల వెనక పేర్లు, ఏది దొరికితే అది రాశాడు. రాసిన చోటల్లా డబ్బులు వచ్చేవి కావు, ఒక హాలువాళ్ళైతే ఏడాది పని చేయించుకుని మొత్తం ఎగ్గొట్టారు. నాయన పోయి ఎనిమిది నెలలైంది. రాత్రిళ్ళు తన కోసం వేసుకున్న బొమ్మలు నలభై దాకా ఉన్నాయి, సగం గుడ్డ మీద, సగం అట్ట మీద. తుమ్మలపెంట పడవలు, పీతలమ్మే ముసలామె, చేటలో బియ్యం చెరుగుతున్న మా అమ్మ. అమ్మ బొమ్మలో ఎడమ చేతికి మూడే గాజులుంటాయి, కుడి చేతికి నాలుగు. ఆ పొద్దున ఒకటి పగిలిందట. ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదు. ఇల్లు కూలగొట్టి కడుతున్నాం, అన్న పాత సామాన్లవాడికి వేసేద్దామంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు (ఒంగోలు)

వేయనివ్వొద్దు. ముందు ప్రతి బొమ్మకీ నీడపట్టున పగటి వెలుతురులో ఫోటో తియ్యండి, వెనకవైపు కూడా, సంతకం ఉంటే దగ్గర నుంచి. తడిగుడ్డతో తుడవొద్దు, రంగు లేచిపోతుంది. ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టొద్దు, మన సముద్రపు గాలికి లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. ఉతికిన పాత పంచెలో చుట్టి, చెద పట్టకుండా నేల మీద కాకుండా బల్ల మీద నిలబెట్టండి. గుడ్డ బొమ్మ చుట్టక తప్పకపోతే లావుపాటి గొట్టానికి, రంగు బయటికి వచ్చేలా చుట్టాలి, లోపలికి చుడితే నలిగి పెచ్చులూడుతుంది.

జవాబు (నెల్లూరు)

అమ్ముడుపోలేదని బాధపడకండి. విన్సెంట్ వాన్ గో అనే డచ్చి చిత్రకారుడు బతికుండగా ఆయన బొమ్మ ఒక్కటే అమ్ముడుపోయిందని అందరూ అంటారు, అది పూర్తిగా నిజం కాదు, 1882లో వాళ్ళ బాబాయి ఒకాయన డబ్బిచ్చి గీతల బొమ్మలు వేయించుకున్నాడు. కానీ ఆ కథలో నాకు ముఖ్యమైన మనిషి ఆయన మరదలు యో, తమ్ముడి భార్య. 1890 జూలైలో విన్సెంట్ పోయాడు, ఆర్నెల్లకే తమ్ముడు థియో పోయాడు. ఆమెకు 28 ఏళ్ళు, చంకలో ఏడాది బిడ్డ, ఇంటినిండా ఎవరూ కొనని బొమ్మలు. ఇంట్లో గదులు అద్దెకిచ్చి, ఉన్నవాళ్ళకి వండిపెట్టి ఇల్లు నడుపుకుంటూ, వాటిని ఒక్కోటీ ప్రదర్శనలకు పంపింది, అన్నదమ్ముల ఉత్తరాలు వరసపెట్టి 1914లో అచ్చు వేయించింది. ఆ ఉత్తరాల వల్లే మనకు ఆ మనిషి తెలుసు. అందుకే అడుగుతున్నా, మీ నాయన లెక్కల పుస్తకాలు, చీటీలు ఉన్నాయా? ఏ ఊళ్ళో ఏ బోర్డుకి ఎంత తీసుకున్నాడో రాసుంటే అవి బొమ్మలంత విలువైనవి. అమ్మగారు ఓపికగా ఉన్నప్పుడే ఏ బొమ్మ ఎప్పుడు వేశాడో, అందులో ఎవరున్నారో చెప్పించుకుని ఫోన్లో రికార్డు చేసుకోండి.

జవాబు (గూడూరు, పాత బ్యానర్ పెయింటర్)

మేము పోస్టరు మీద గళ్ళు గీసుకుని, గుడ్డ మీద పెద్ద గళ్ళు కొట్టి ముఖం ఎక్కించేవాళ్ళం, సినిమా మారితే అదే గుడ్డ మీద తెల్లరంగు పూసి కొత్త ముఖం వేసేవాళ్ళం. అందుకే మా పనిలో ఒక్కటీ మిగల్లేదు. మీ నాయన బొమ్మల్లో రంగు పలచగా ఉన్నచోట పెన్సిలు గళ్ళు కనపడతాయేమో చూడు తల్లీ. గళ్ళుంటే బహుశా ఫోటో చూసి వేసింది. లేకపోతే ఎదురుగా చూస్తూ వేసుంటాడు.

ప్రశ్న అడిగినవారు

అన్న ఒప్పుకున్నాడు, మా అత్త వాళ్ళ మిద్దెమీద గది ఖాళీ చేసిచ్చారు. లెక్కల పుస్తకాలు మూడు దొరికాయి. పడవల బొమ్మల్లో గళ్ళు కనపడుతున్నాయి బాబాయ్. అమ్మ బొమ్మలో లేవు. అడిగితే, మూడు రోజులు పొద్దున పూట ఎదురుగా కూర్చోబెట్టాడని, అవే బియ్యం మళ్ళీ మళ్ళీ చెరిగానని చెప్పింది.